రాజమహలు మెట్ల దగ్గరి మనిషి

చంద్రగిరి కోట వాచ్‌మన్ పెద్దాయన పోయాడు. నిన్న పొద్దున తిరుపతి బస్టాండులో టీ తాగుతుంటే, తెలిసిన కండక్టరు చెప్పాడు. "గుండె పట్టుకోని కూసున్నాడంట సార్. మళ్లా లెయ్యలే." గ్లాసు చేతిలో ఉండగానే నా బస్సు వెళ్లిపోయింది. మొన్న ఆదివారమే కదా నాతో మాట్లాడింది! నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

చిన్నప్పుడే పోలియో వచ్చి నా కుడికాలు చచ్చుబడింది. పదేళ్ల కిందట, కాలేజీ రోజుల్లో, స్నేహితులతో కోటకు వెళ్లాను. ఆయన నా చంకకర్రను ఒకసారి చూసి, "రాజమహలు మేడ మూసినారప్పా, రిపేరు జరగతా ఉండాది" అన్నాడు. మావాళ్లు సణుక్కుంటూ కిందనే తిరిగి వచ్చేశారు. నిజం చెప్పొద్దూ, నాకు లోలోపల హాయిగానే అనిపించింది. అందరూ పైకి వెళితే, కింద చెప్పులకు కాపలా నేనే కదా.

తీరా చూస్తే అదే రోజు మా బావ ఆ మేడెక్కి వచ్చాడట! రిపేరూ లేదు, ఏమీ లేదు. ఎక్కలేనివాళ్లు ఎవరొచ్చినా, వెంట వచ్చినవాళ్లందరికీ ఆయన ఇదే అబద్ధం చెప్పేవాడు. ఒక్కరు కింద మిగిలిపోతే చూడలేడు.

నాకు మాత్రం ఒళ్లు మండింది. మర్నాడే వెళ్లి నిలదీశాను.

"నేను ఎక్కలేనని నీకెవరు చెప్పినారు? నన్ను అడిగినావా?"

ఆయన తెల్లబోయాడు. "అడిగితే నొచ్చుకుంటావేమోనని..." అని నసిగాడు. మళ్లీ తనే, "తప్పే నాయనా. ఎట్ల ఎక్కుతావో నువ్వే చెప్పు" అన్నాడు.

ఆనాటి నుంచి ఎవరొచ్చినా వాళ్లనే అడిగేవాడు. మొన్న ఆదివారం, మోకాళ్లు పట్టేసిన ఒక అవ్వను అడిగితే, "నాకెందుకబ్బా, ఈడ్నే సల్లగుండాది" అన్నదట. అది చెప్పి పడీపడీ నవ్వాడు. అంతగా నవ్విన మనిషి నాలుగు రోజుల్లో లేడంటే ఎట్లా?

కబురు విన్నప్పటి నుంచి నా కళ్లముందు నేను నిలదీసిన ఆనాటి మెట్లే. మెట్టు మీద కూర్చుని, చేతులు ఆనించి, వెనక్కి ఒక్కొక్కటే జరుగుతూ ఎక్కాను. పట్టుకోవద్దని గట్టిగా చెప్పాను. అంత పొగరు నాకు. ముఖం కిందివైపుకి పెట్టి ఎక్కుతున్నాను కాబట్టి, దారి పొడుగునా నాకు కనబడింది ఆయన ముఖమే. రెండు మెట్ల కింద, చేతులు రెండూ చాచి, నన్ను తాకకుండా, ఊపిరి బిగబట్టి వచ్చాడు. చెమటలు నాకన్నా ఆయనకే ఎక్కువ పట్టాయి. నేను మేడ మీదికి చేరి కాళ్లు చాపుకున్నాక కూడా, ఆ చేతులు దించడం మరిచిపోయి అట్లాగే నిలబడ్డాడు.