వెళ్ళే బిడ్డకు కొత్త గౌను

మా మేనత్త పోయిందని పొద్దున్నే పక్కింటావిడ ఫోన్ చేసి చెప్పింది. పాలవాడు ఎంత పిలిచినా తలుపు తీయలేదట. నిద్రలోనే వెళ్ళిపోయింది. నేను విల్లియనూరు నుంచి బస్సెక్కి పుదుచ్చేరి చేరేసరికి ఎవరో వాకిట్లో కుర్చీలు వేయించారు. వాటిలో చాలా ఖాళీగానే ఉన్నాయి. అత్తకు పెళ్ళయిన కొత్తలోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. బడిలో కుట్టు టీచరుగా రిటైరైన మనిషి కోసం ఎంతమంది వస్తారు?

ఆమెకు తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాదు. తరాల కిందట ఇక్కడ స్థిరపడిన మా కుటుంబాల్లో చాలామంది అంతే. ఈ నాలుగు మాటలు ఆమె ఉండగా రాసినా నేనే చదివి వినిపించాల్సి వచ్చేది. విని, "ఏందే ఇది, నా గురించి రాసేదానికి ఏముండాది?" అనేది.

ఉంది. భర్త పోయాక ఇంట్లో కూర్చోలేక, ఒక స్నేహితురాలి వెంట ఆదివారాలు పిల్లల ఆశ్రమానికి వెళ్ళడం మొదలుపెట్టింది. పిల్లలకు నీళ్ళు పోయడం, తలలు దువ్వడం ఆమె పని. అక్కడ ఒక చిన్నపిల్ల ఆమెకు బాగా చేరికైంది. ఒక ఆదివారం వెళ్ళేసరికి ఆ పిల్లను ఎవరో పెంచుకోవడానికి తీసుకుపోతున్నారు. ఒంటిమీద గౌను ఇంకో పిల్లది, భుజం మీద నిలవడం లేదు. "ఆ గౌను తిరిగి పంపించేయండి" అని ఆయా వెనకనుంచి కేకేసి చెప్పింది.

"తిరిగియ్యాల్సిన గౌనుతో పోయినాది ఆ బిడ్డ" అనేది అత్త, ఎప్పుడు చెప్పినా అక్కడే ఆగి. "కొత్తింట్లో కాలు పెడతానే విప్పించేసి ఉంటారు. తనది అనేదానికి ఒకటీ లేకండా నిలబడి ఉంటాది."

అప్పటినుంచి ఆ ఆశ్రమం గడప దాటి ఏ ఇంటికి వెళ్ళే బిడ్డయినా మా అత్త కుట్టిన కొత్త బట్టలతోనే వెళ్ళేది. జీతం రాగానే, తర్వాత పెన్షన్ రాగానే, ముందు గుడ్డల కొట్టుకే వెళ్ళేది. మిగిలిన ముక్కలతో కుట్టొచ్చు కదా అని మా అమ్మ ఒకసారి అంటే, "మిగిలినదాంతో చేసేది దానం కాదు వదినా, ఇల్లు సర్దుకోడం" అంది. రంగు బిడ్డే చెప్పాలి. జేబు తప్పనిసరి. "జేబు లేకంటే యాడ దాచుకుంటాది?"

సునామీ వచ్చినప్పుడు నేను పుదుచ్చేరిలోనే ఉద్యోగం చేస్తూ ఆమె దగ్గరే ఉండేదాన్ని. సముద్రం ఒడ్డున ఉన్న పిళ్ళైచావడిలో తల్లి కొట్టుకుపోయిన ఒక పిల్లను కొన్నాళ్ళు ఇంట్లో పెట్టుకోమని ఆశ్రమం పెద్దావిడ అత్తను అడిగింది. తండ్రి అంతకు ముందే లేడు. మేనమామకు ఇల్లూ పడవా రెండూ పోయాయి. తమిళం తప్ప రాని ఏడెనిమిదేళ్ళ పిల్ల. కుళాయి తిప్పి బకెట్ నింపితే చాలు, ఆ చప్పుడుకు వీధిలోకి పరుగెత్తేది. అత్త కుళాయికి ఒక గుడ్డ కట్టి, నీళ్ళు సన్నగా, చప్పుడు లేకుండా పట్టేది. బకెట్ నిండేదాకా పక్కనే కూర్చునేది. మిషను సూదిలో దారం ఎక్కించే పని ఆ పిల్లకు అప్పగించింది. దారం సూదిలోకి దూరిన ప్రతిసారీ ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. అత్త నవ్వు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది.

ఏడాది తిరగకముందే మేనమామ వచ్చాడు. లోపలికి రమ్మన్నా గడప దగ్గరే నిలబడ్డాడు. "మళ్ళీ పడవలో పోతా ఉండానమ్మా. మా అక్క బిడ్డ. మేం తాగే గంజే అదీ తాగుతాది" అన్నాడు తమిళంలో.

ఆశ్రమం పెద్దావిడ అత్తను పక్కకు పిలిచి, మీరు వద్దంటే ఇంకొన్నాళ్ళు చూద్దామంది. వద్దనాలని నేను లోపల మొక్కుకున్నాను.

"వాళ్ళ మనిషి ఉండాడు. వెతుక్కోని వచ్చినాడు. వద్దనేదానికి నేనెవురు?" అంది అత్త.

ఆ సాయంత్రమే పిల్లను కొట్టుకు తీసుకెళ్ళింది. పిల్ల పసుపురంగు ఎంచుకుంది. ఇంటికొచ్చి కుట్టిన గౌను అంచును అత్త విప్పింది, మళ్ళీ కుట్టింది, మళ్ళీ విప్పింది. మర్నాడు పిళ్ళైచావడి మీదుగా పోయే కాలాపేట బస్సులో తనే తీసుకెళ్ళి దింపి వచ్చింది. వచ్చీ రాగానే కుళాయి గుడ్డ ఊడదీసి, పూర్తిగా తిప్పి వదిలేసింది. బకెట్ నిండి పొర్లుతున్నా ఆపలేదు. నేను లేచి వెళ్ళి ఆపాను.

అత్త మళ్ళీ ఎప్పుడూ పిళ్ళైచావడి వెళ్ళలేదు. ఒకసారి చూసొద్దామా అంటే, "నేను పోతే దాని మనసు రెండుగా చీలిపోతాది. ఆడ నిలవనీ" అనేది. ఆ వారమే ఇంకో బిడ్డకు కొలతలు తీయడానికి ఆశ్రమానికి వెళ్ళింది. నా పెళ్ళయి నేను వెళ్ళిపోయాక కూడా మిషను అలా తిరుగుతూనే ఉండేది. వినడానికి ఇంట్లో రెండో మనిషి లేదు, అంతే.

నాకు కుట్టడం రాదు. కర్మలు ముగిశాక గుడ్డల కొట్టుకు వెళ్ళి, ఆ నెల ఆశ్రమం నుంచి వెళ్ళే పిల్లకు దర్జీతో కుట్టించి ఇచ్చాను. ఇక ముందూ ఇస్తాను. తర్వాత పిళ్ళైచావడి వెళ్ళాను.

పిల్ల నా భుజం దాటి ఎదిగింది. బడి నుంచి అప్పుడే వచ్చి యూనిఫాంలోనే ఉంది. కబురు చెబితే ఏడవలేదు. జబ్బు చేసిందా అని తమిళంలో అడిగింది. వాళ్ళ మేనమామ భార్య ఇచ్చిన టీ తాగి లేచాను. బస్సు దాకా తోడొచ్చింది. రోడ్డు పక్కన నిలబడ్డాక, ఉన్నట్టుండి మా ఇంటి తెలుగులో, అచ్చం మా అత్త సాగదీసినట్టే సాగదీస్తూ అడిగింది.

"అక్కా, అవ్వ ఎందుకు రాలేదు? బడి విడిస్తే ఈడనే నిలబడి బస్సులు చూస్తా ఉంటి."

మనసు రెండుగా చీలిపోతుందని అత్త అన్న మాట చెప్పాను. తల వంచుకుని విన్నది.

"ఇంక ఈ మాటలు ఎవురితో మాట్లాడేది?" అంది.

బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని వెనక్కి చూశాను. రోడ్డు అంచున ఒక్కతే నిలబడి ఉంది. పెదవులు కదులుతున్నాయి. ఏ భాషలోనో నాకు వినపడలేదు.