బంతిపూల పసరు

ఆఫీసులో చేతులు కడుక్కునే చోట కొత్త సబ్బు సీసా పెట్టారు. బంతిపూల సారం ఉందట, క్రిములను చంపుతుందట. రెండుసార్లు నొక్కి వాసన చూశాను. నాకు తెలిసిన బంతి కాదది. అయినా మనసు ఊరుకోక, గోపన్‌పల్లిలోని మా పాత వాకిట్లోకి పరుగెత్తింది.

నగరం మా ఊరి మీదికి పాకుతున్న తొంభైల చివరి రోజులు. గుట్టలు పేల్చే చప్పుడుకు కంచంలో మెతుకులు అదిరేవి, దుమ్ము పడని పూట ఉండేది కాదు, ఫలానావాళ్ళ పొలం అమ్ముడుపోయిందన్న కబురుతోనే తెల్లవారేది. అంత గడబిడలోనూ బతుకమ్మ దగ్గరపడిందంటే మా వాకిలి నిండా బంతిపూల ఘాటు, ఇంటి నిండా మలీద ముద్దల బెల్లం వాసన. ఆటల్లో మోకాళ్ళు చీరుకున్న పిల్లలందరికీ మా నాన్న తల్లి రాజవ్వే వైద్యురాలు. పూరేకులు అరచేతిలో నలిపి, పసరు గాయం మీద పిండి, ఉఫ్ అని ఊదేది. ఆమె హస్తవాసి మంచిదని వాడంతా అంటుంటే పైకి విసుక్కునేది, లోపల మురిసిపోయేది.

ఒక యేడు రోడ్డు వెడల్పులో వాకిలి పోయింది, బంతిచెట్లూ పోయాయి. అప్పుడే తమ్ముడు శీను, కడుతున్న మేడ దగ్గర ఆడుతూ ఇనుప చువ్వ తొక్కాడు. అవ్వ ఆగలేకపోయింది. అంగట్లో కొన్న దండ తెంపి, ఎప్పటిలాగే పసరు పిండింది. తెల్లారేసరికి కాలు బూరెలా ఉబ్బింది, ఒళ్ళు కాలిపోతోంది. కాలు తీసేస్తారేమోనని అమ్మ ఏడుస్తుంటే, నాన్న వాణ్ణి భుజాన వేసుకుని దవాఖానకు ఉరికాడు.

"అంగడి పూలకు పురుగుల మందు కొడుతరు, గవి పుండు మీద పెడుతరా?" అని డాక్టరు కసిరాడు. కీడు చేసింది ఆ మందో, చువ్వ తుప్పో ఆయనకూ తేలలేదు. సూదులు పడ్డాక కాలు దక్కింది. అవ్వ మాత్రం తేల్చేసుకుంది.

"నా చెయ్యే పాడైంది బిడ్డా."

తరువాత ఆ ఇల్లు కూడా వదిలి చేరిన నిజాంపేట కిరాయి ఇంట్లో, పగిలిన కుండలో మళ్ళీ బంతినారు పెట్టింది. పూలు విరగబూశాయి. ఎవరైనా గీరుకుని వస్తే మాత్రం చేతులు రెండూ కొంగులో దాచుకుని, "దవాఖానకు పోండ్రి" అనేది. పూలు చెట్టుకే ఎండిపోయేవి. ఆ కొంగు చూస్తే నాకు ఏడుపొచ్చేది.

అవ్వ ఇప్పుడు లేదు. మా వాకిలి మీదుగా ఆఫీసు బస్సులు తిరుగుతున్నాయి.

"అక్కా, వేలు తెగింది. గీ పూల సబ్బు రాస్తె తగ్గుతదా?" వెనక నుంచి, ఇక్కడ ఊడ్చే యాదమ్మ రక్తం కారే వేలు చాపింది.

"దవాఖానకు పో, యాదమ్మా" అన్నాను.

ఆమె వెళ్ళాక చూసుకుంటే, నా తడి చేతులు రెండూ చున్నీలో ఉన్నాయి.