చిన్న మెంబరు అడిగిన సంతకం

మా నియోజకవర్గానికి ఒకప్పుడు ఇద్దరు శాసనసభ్యులుండేవారంటే ఈనాటి పిల్లలు నమ్మరు. తెలంగాణం ఆంధ్రప్రదేశంలో కలిసిన మరుసటి ఏడు జరిగిన ఎన్నికల్లో, గోదావరికి దక్షిణాననున్న మా ప్రాంతం ద్విసభ్య నియోజకవర్గం. రెండు స్థానాల్లో ఒకటి అందరిదీ, రెండవది హరిజనులకు ప్రత్యేకించినదీ. ఓటరు చేతికి రెండు కాగితాలిచ్చేవారు. అభ్యర్థికొక పెట్టె చొప్పున వరుసగా ఉంచేవారు. రెండు కాగితాలూ ఒకే పెట్టెలో వేయరాదన్నది నియమం.

చట్టం ఆ రెండు కాగితాలకూ ఒకే విలువ కట్టింది. మా ఊరు మాత్రం వాటికి తన పేర్లు తాను పెట్టుకొన్నది. అందరి స్థానానికి నిలబడిన మా ఊరి గడీ దొరకు వేసేది పెద్ద ఓటు, మిగిలినది చిన్న ఓటు. ఇద్దరూ గెలిచిన తరువాత ఆ వరుసలోనే ఒకరు పెద్ద మెంబరు, ఒకరు చిన్న మెంబరు అయినారు. నిజానికి లెక్కింపులో చిన్న మెంబరుకే ఎక్కువ ఓట్లు వచ్చినవి. దొర అంటే గిట్టనివారు కూడా తమ రెండవ కాగితాన్ని చిన్న మెంబరు పెట్టెలోనే వేసినారు మరి. ఈ సంగతి అందరికీ తెలుసు. బజారులో ఎవరూ ఎత్తేవారు కారు.

చిన్న మెంబరు మా ఊరి తూర్పువాడలో పుట్టినవారు. చిన్ననాడే బొగ్గుగనులకు పోయి, గోదావరి అవతల కొన్నేండ్లు పనిచేసి, కార్మికుల సభలలో మాట్లాడడం నేర్చుకొన్నారు. ఉర్దూ బడిలో చదువు. తెలుగులో సంతకం మాత్రం ముచ్చటగా, అక్షరమక్షరం విడదీసి చేసేవారు. దొర ఎన్నికైన నాటినుండి హైదరాబాదు బంగళాలోనే ఉండిపోయినందున ఊరి అర్జీలన్నీ చిన్న మెంబరు చేతిమీదుగానే పోవలసి వచ్చేది. బడికి పై తరగతులు, వాగుమీద కల్వర్టు, ఒకరికి బదిలీ, ఒకరికి పింఛను, ఏదైనా సరే.

కాని ఆయన ఇంటికి మా ఊరివారెవరూ పోలేదు. కబురు పంపి ఆయననే పిలిపించుకొనేవారు, అదీ మా ఇంటికి. మా బాపు పండితులు, గడీలో పురాణం చెప్పేవారు. ఊరి అర్జీలన్నీ వ్రాసేది ఆయనే. బాపు అరుగుమీద కూర్చుండి కాగితం ముందుకు జరిపేవారు. చిన్న మెంబరు క్రింద వాకిట్లో నిలబడి, అరుగు అంచునే బల్లగా చేసుకొని సంతకం పెట్టేవారు. ఆ కాగితాన్ని బాపు వెంటనే తీసుకొనేవారు కారు. ఆయన చేయి వెనుకకు తీసినదాకా ఆగేవారు. ఎండ ఎక్కువగా ఉన్ననాడు లోపలినుండి మజ్జిగ వచ్చేది. శాసనసభ్యుడై ఉండీ ఆయన మా వాకిట్లో వంగి, దోసిలిపట్టి త్రాగేవారు.

అర్జీదారులకు ఆయనతో పరిహాసాలాడడం ఒక వేడుక.

"ఏమయ్యా చిన్న మెంబరు, అసెంబ్లీల నీకు కుర్చీ ఏస్తరా, చాప పరుస్తరా?" అన్నాడొకనాడు ఒక పటేలు.

"కుర్చీనే ఏస్తరు పటేలా. నా పక్కకు దొరవారి కుర్చీ ఎప్పుడు సూసినా ఖాళీగనే ఉంటది. మీకు జర తీరిక ఉంటే వచ్చి కూసోండ్రి."

అరుగంతా నవ్వినది. పటేలు నవ్వలేదు, కాని తన కాగితం ముందుకు జరపడం మరువలేదు.

నేనప్పటికి ఉట్నూరు అడవుల దిక్కున ఉపాధ్యాయుణ్ణి. చలిజ్వరంతో బాధపడుతున్న నన్ను సొంత ఊరి బడికి బదిలీ చేయించినది ఆ అరుగు అంచున పడిన సంతకమే. కృతజ్ఞత చెప్పడానికి నేనైనా ఆయన ఇంటిదాకా పోలేదు. వాకిట్లోనే చెప్పినాను.

పదవీకాలం ముగియవచ్చేనాటికి ద్విసభ్య నియోజకవర్గాలను రద్దు చేసినారు. మాది రెండు ముక్కలైనది. అవతలి ముక్క ప్రత్యేక స్థానమై, అక్కడి వారెవరికో టిక్కెట్టు పోయినది. చిన్న మెంబరు వాడతో సహా మా ఊరున్న ఇవతలి ముక్క జనరల్ స్థానమైనది. దొర మళ్ళీ నిలబడుతున్నాడనీ, ఎదురు ఎవరూ లేరనీ గడీ మనుషులు చెప్పుకొంటున్నారు.

నామినేషన్ల గడువు దగ్గర పడిన ఒక చలికాలపు మధ్యాహ్నం చిన్న మెంబరు మా వాకిట్లోకి వచ్చినారు. ఎవరూ పిలువకుండా ఆయన రావడం అదే మొదటిసారి. అసెంబ్లీకి వేసుకొనిపోయే నల్లని షేర్వాణీ తొడుక్కొన్నారు. చేతిలో మడిచిన కాగితం ఉన్నది.

"ఏమయ్యా, ఇవాళ మేం కబురు పంపలేదు గద!" అన్నారు బాపు.

"లేదయ్యా. ఇవాళ అర్జీ నాది." ఆయన కాగితం విప్పి అరుగుమీద పెట్టినారు. "జనరల్ సీటుకు నిలబడుదామనుకుంటున్న. ప్రతిపాదించే తాన ఒక్క సంతకం గావాలె. మీరు పెడ్తరేమోనని వచ్చిన."

బాపు కాగితం వైపు చూడలేదు. "జనరల్ సీటు గదయ్యా అది."

"జనరల్ అంటే అందరిదని మీ సారే బడిల చెప్పిండట. మా వాడ పిల్లలు ఇంటికొచ్చి చెప్పిన్రు."

నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. ఆ పాఠం నేను చెప్పినదే.

"మీ వాడల ఎంతమంది లేరు! ఎవరైనా పెడ్తరు గద సంతకం."

"పెడ్తరయ్యా, ఎందుకు పెట్టరు? కని వాళ్ళంత దొర పొలాలల్ల జీతమున్నోళ్ళు. ఇవాళ పేరు రాస్తే రేపు పొద్దుగాల పని పోతది. ఆళ్ళ పిల్లల నోటికాడి బువ్వ తీసి నేను ఎమ్మెల్యేనైతనా? మిమ్మల్నైతే దొర ఏమనడు. పెద్దోళ్ళు. మీరొక్కరు పెడితే ఊరే పెట్టినట్టు."

ఆయన గొంతులో ప్రార్థన లేదు. లెక్క సరిచూసి చెబుతున్నట్లున్నది. ఏ చేతికి ఎంత నష్టమో ఆలోచించి, అతి తక్కువ నష్టపోయే చేతిని వెదకుకొంటూ మా ఇంటికి వచ్చినారని నాకు తెలిసినది.

బాపు ఎంతో తియ్యగా మాట్లాడినారు. మూడు తరాలుగా గడీ ఉప్పు తిన్నామన్నారు. తనకు వయసు మీరినదనీ, రాజకీయాలు తెలియవనీ అన్నారు. అన్ని మాటల్లో ఒక్కటీ కాదన్న మాట కాదు. ఆయనకు సంస్కృతాంధ్రాలలో ఎంత పాండిత్యమున్నదో ఆనాడు నాకు పూర్తిగా అర్థమైనది.

చిన్న మెంబరు నా వైపు చూసినారు. నేను నోరు తెరిచేలోగా తానే, "మీరు వద్దు సారూ. సర్కారు నౌకరి. సంతకం పెడితే మీ నౌకరి పోతది, ఆ రూలు నాకెరికే" అన్నారు.

నిజమే, ఆ నిబంధన ఉన్నది. నేను పెట్టదలచినా పెట్టడానికి వీలులేదు. కాని ఆ మాట వినగానే నా గుండెలోని బరువు దిగిపోయినది. ఆ ఊరట తలపునకు వచ్చినప్పుడల్లా ఈ వయసులోనూ ముఖం దాచుకోవాలనిపిస్తుంది.

అప్పుడు లోపలినుండి అమ్మ వచ్చినది. పరాయి మగవారున్నప్పుడు గడప దాటని మనిషి. చెంగు భుజంమీదుగా లాక్కొని అరుగుమీద నిలబడినది.

"నేను వేలిముద్ర ఏస్త. నా కొడుకును మన్నెం జ్వరం నుంచి ఇంటికి తెచ్చినోడాయె. నా ముద్ర చెల్లుతదా, చెల్లదా?"

బాపు తల వంచుకొన్నారు. కోపం వచ్చినదేమోననుకొన్నాను. అది కోపం కాదు. చిన్న మెంబరు కాగితాన్ని మెల్లగా మడుచుకొంటూ, "అమ్మా, నీ మాటే చాలు. కని నీ పేరు లిస్టుల లేదు" అన్నారు.

"లేదా? గా లిస్టోళ్ళు మన ఇంటికొచ్చిన్రు గద!"

వచ్చినారు. ఓటర్ల పేర్లు వ్రాసుకొనేవారు వచ్చినప్పుడు, మా ఇంటి ఆడవారి పేర్లు బజారులో చదవనిచ్చేది లేదని బాపు వారిని పంపివేసినారు. మా వీథిలో చాలా ఇండ్లలో ఇదే మర్యాద. కొందరైతే ఫలానావారి భార్య అని వ్రాయించినారు, పేరు లేదని అవీ కొట్టివేయబడినవి. అమ్మకు ఇది తెలియదు. పోయిన ఎన్నికలప్పుడు, గుంపు ఎక్కువగా ఉన్నదనీ, ఆడవారు రావలసిన పనిలేదనీ బాపు చెబితే నమ్మి ఇంట్లో ఉండిపోయినది.

అమ్మ బాపు వంక చాలాసేపు చూసినది. లోపలికి పోయి ఒక కంచు గ్లాసులో మజ్జిగ తెచ్చి, పైనుండి పోయకుండా, గ్లాసునే ఆయన చేతికిచ్చినది. ఆయన పుచ్చుకొని నిలబడే త్రాగినారు. గ్లాసు కడిగి ఇద్దామని నీళ్ళకోసం చుట్టూ చూసినారు. "అక్కడ పెట్టు నాయనా" అన్నది అమ్మ.

ఆయన ఇంకొక ఇంటికి పోలేదు. వాడవారిలో ఒకరిద్దరు మేము పెడతామని పట్టుబట్టినా ఒప్పుకోలేదని తరువాత విన్నాను. గడువు ముగిసినది. మా నియోజకవర్గంలో దొర పోటీలేకుండా ఎన్నికైనాడు. మా తాలూకా రాజకీయ చరిత్ర ఎవరు వ్రాసినా ఆ సంవత్సరానికి ఎదురుగా ఏకగ్రీవమన్న మాట ఒక్కటే ఉంటుంది.

ఊరు దానిని గొప్పగా చెప్పుకొన్నది. బడి ముందు పందిరి వేసి దొరకు సన్మానం చేసినారు. బాపు పద్యాలు చదివినారు. మా సీమలో పేదా సాదా, పల్లె పట్టణం, సకల కులాలూ ఒకే మాటమీద నిలిచినవని ఉత్పలమాలలో ఎంతో హాయిగా సాగిన పద్యమది. జనం మళ్ళీ చదువుమన్నారు. బాపు మళ్ళీ చదివినారు. రెండవసారి ఆయన గొంతు మూడవ పాదం దగ్గర కొద్దిగా తడబడినది. నేను తప్ప ఎవరూ గమనించలేదనుకొన్నాను.

సభ ముగిసి బాపూ నేనూ ఇంటికి వస్తుంటే సుల్తానాబాదు బస్సు ఆగే చోట చిన్న మెంబరు కనిపించినారు. షేర్వాణీ లేదు. చేతిలో ట్రంకుపెట్టె. మళ్ళీ గనులకే పోతున్నారని అర్థమైనది.

"పద్యం ఇక్కడిదాక వినవడ్డది పంతులుగారు. మంచిగున్నది," అన్నారు. ఆ గొంతులో ఎత్తిపొడుపు నాకు వినబడలేదు. ఉంటే బాగుండేది.

బాపు భుజంమీది కండువా సర్దుకొన్నారు. నేనెన్నడూ వినని మెత్తని స్వరంతో, "ఒకసారి ఇంటికి రావయ్యా. లోపలికి వచ్చి కూర్చుందువు గాని," అన్నారు.

ఆయన నవ్వినారు. "ఎందుకయ్యా, ఇంకేమన్న అర్జీలున్నయా? నా సంతకం ఇగ చెల్లది గద."

బస్సు వచ్చినది. ఆయన పెట్టె పైకెక్కించుకొని వెనుక సీటులో కూర్చున్నారు. దుమ్ము అణిగినదాకా బాపు అక్కడే నిలబడినారు. ఆ తరువాత ఆయన ఊరివారికి అర్జీలు వ్రాయడం మానివేసినారు. ఎందుకని అడిగినవారికి చూపు మందగించినదని చెప్పేవారు.