మూడో పిలుపు

నిన్న పొద్దున ఆఫీసులో ఉండగా పక్కింటి మమతక్క ఫోన్ చేసింది. యాదమ్మ అవ్వ చనిపోయిందట.

నమ్మలేదు. మొన్న సాయంత్రమే కదా గేటు దగ్గర నాతో మాట్లాడింది!

దారంతా ఆ మాటలే గుర్తొచ్చాయి. మెట్రోలో సీట్లు ఖాళీగా ఉన్నా ఎల్బీ నగర్ దాకా నిలబడే వచ్చాను.

అవ్వ మా ఓనర్. నేను విజయవాడ నుంచి వచ్చి పై పోర్షన్‌లో దిగిన కొత్తలో "మామ్మగారూ" అని పిలిస్తే నవ్వేసింది.

"గారు ఏంది బిడ్డా, అవ్వా అను. జర దగ్గరగుంటది."

అఖిల అవ్వ మనవరాలు. తల్లీతండ్రీ లేని పిల్ల. అవ్వే పెంచింది.

అప్పట్లో కాలనీ చివర మైదానంలో జవాన్లు కొన్నాళ్లు డేరాలు వేసుకున్నారు. ఒక సాయంత్రం, చీకటి పడే వేళ, అఖిల పిల్లికూన కోసం మైదానం చుట్టూ ఉన్న కూలిన గోడ దాటింది.

కాపలా జవాను "ఎవరది?" అని అరిచాడు. మళ్లీ అరిచాడు. తర్వాత కాల్చేశాడు.

అవ్వ ప్రభుత్వం మీద కేసు వేసింది.

సర్కారు వకీలు వాదన ఒక్కటే. డ్యూటీలో ఉన్న జవాను చేసిన పనికి ప్రభుత్వానికి బాధ్యత లేదు, పిలిస్తే పలక్కపోవడం పాప తప్పు.

పాప తప్పు! అవ్వకు తోడుగా నేనూ కోర్టులోనే ఉన్నాను. నాకైతే పిచ్చి కోపం వచ్చింది.

పక్కన కాపలా ఉన్న రెండో జవాను సాక్ష్యం చెప్పాడు. "పారిపోలేదు సార్. అట్లనే నిలబడింది. ఏదో లెక్కపెడుతున్నట్టు వేళ్లు మడుస్తూ ఉంది."

కోర్టులో ఎవరికీ అర్థం కాలేదు. అవ్వకు అర్థమైంది. మా లాయర్ చెయ్యి పట్టి ఆపుతున్నా లేచి నిలబడింది.

"నేనే నేర్పిన సారూ. పొద్దుమూకినంక ఎవ్వరు పిలిచినా మూడోసారి దాక పలకొద్దని. దయ్యమైతే రెండుసార్లే పిలుస్తదని. నా బిడ్డ మూడోసారి కోసం చూసింది. వాళ్లు పిలవలే."

ఆ రోజు ఫ్యాన్ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

తీర్పు అవ్వకే అనుకూలంగా వచ్చింది. పిలుపుకు పలకాల్సిన బాధ్యత పసిపిల్లకు లేదు, ఆగాల్సింది తుపాకీ ఉన్నవాడే, అతన్ని అక్కడ నిలబెట్టిన ప్రభుత్వమే ఆ ప్రాణానికి జవాబుదారీ అన్నారు జడ్జిగారు.

అవ్వ పరిహారం ఊసే ఎత్తలేదు.

"పోరిది తప్పు లేదన్నరు గదా?"

"లేదన్నారు అవ్వా."

"మరి నాది?"

దాని గురించి తీర్పులో ఏమీ లేదు. తప్పు నీది కాదని నేను ఎన్నిసార్లు చెప్పినా, "నువ్వు జడ్జివి కాదు గదా బిడ్డా" అనేది.

అప్పటినుంచి సాయంత్రమైతే చాలు, గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. వీధిలో ఎవరు ఎవర్ని పిలిచినా "ఆఁ, వస్తున్న" అని తనే పలికేది. కొత్తవాళ్లు భయపడేవాళ్లు. మాకు అలవాటైపోయింది.

మొన్న మాత్రం పలకలేదు.

"నువ్వు పిలిచినవా బిడ్డా?" అని నన్ను అడిగింది. లేదన్నాను. చూపుడువేలు మడిచింది.

నేను మెట్లెక్కుతుంటే కింద నుంచి మళ్లీ అవ్వ గొంతు. "రెండు."

వీధిలో ఎవరూ లేరు. నవ్వేసి, తలుపు వేసుకున్నాను.

నిన్న స్నానం చేయించేటప్పుడు కుడిచెయ్యి తెరుచుకోలేదట. మమతక్క ఏడుస్తూ చెప్పింది. మూడు వేళ్లు మడిచి ఉన్నాయి.

అంటే అవ్వ పలికే ఉంటుంది. పిలిచింది ఎవరో నాకు తెలుసు. తప్పు నీది కాదని అవ్వకు చెప్పగలిగేది ఆ పిల్ల ఒక్కతే.

వెళ్లిరా అవ్వా. అక్కడైనా నీ మనసు కుదుటపడాలి.

అఖిలా, ఇకమీదట అవ్వ పిలిస్తే మొదటిసారికే పలుకు తల్లీ.