రాణి దుస్తు కుట్టిన హునిద్

మా మేనత్త హునిద్‌ను పొరుగు రాజ్యం మెర్సియావాళ్ళు పట్టుకుపోయిన నాటికి నాకు ఆరేళ్ళు. సవాదన్ సరస్సు నడుమ రాళ్ళూ కంపా పోసి, ఓక్ పలకలు దిగ్గొట్టి కట్టిన రాజుగారి ఇల్లు తగలబడుతుంటే మేము ఒడ్డున రెల్లులో దాక్కుని చూశాము. నేను అరవకుండా మా నాన్న ఎల్గన్ నా నోరు మూసి పట్టుకున్నాడు. ఆయన దోనెలు తొలిచే మనిషి. ఆ మంటల్లో ఉన్నది ఆయనకున్న ఒక్కగానొక్క చెల్లెలు.

మా బ్రకైనియోగ్ చిన్న రాజ్యం. మంచి గుర్రముంటే రెండు రోజుల్లో ఈ కొస నుంచి ఆ కొసకు పోవచ్చు. అయినా మా రాజుకు తనది ఐర్లండ్ రాజుల రక్తమని గర్వం. వాళ్ళ పద్ధతిలోనే నీళ్ళ మధ్య ఇల్లు కట్టించుకున్నాడు. ఆ ఇంటికి తగిన దుస్తు రాణికి కావలసి వచ్చింది. అత్త రెండు చలికాలాలు కూర్చుని, సన్నని నారబట్ట మీద పట్టుదారంతో తీగలూ, తీగల మధ్య పిట్టలూ, అంచున సింహాలూ కుట్టింది. సింహాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. మా కుక్కను చూసి కుట్టానని తర్వాత చెప్పింది. రాణి దాన్ని వచ్చిన ప్రతి అతిథికీ చూపించేది.

మా రాజ్యం మీదుగా పోతున్న మెర్సియా మఠాధిపతి ఒకాయనను దారిలో ఎవరో చంపారు. ఎవరు చంపారో మా ఊళ్ళో ఇప్పటికీ ఎవరూ నోరు విప్పరు. మూడో రోజుకు మెర్సియా సైన్యం వచ్చింది. రాజు తప్పించుకున్నాడు. రాణినీ, ఆమెతోపాటు ముప్పైమందికి పైగా ఇంటివాళ్ళనూ తోలుకుపోయారు. దుస్తు కాలి నీళ్ళలో పడింది.

ఆకులు రాలే వేళకు వాళ్ళు వదిలిపెడితే రాణి తిరిగి వచ్చింది. చాలామంది వచ్చారు. అత్త రాలేదు. ఆమె పనితనం సంగతి అక్కడివాళ్ళకు తెలిసిపోయింది. ఒక అధికారి భార్య వుల్‌రన్ ఆమెను తన ఇంట్లో పెట్టుకుని, చర్చికి ఇవ్వడానికి పూజారి వస్త్రం కుట్టమంది. మావాళ్ళలో అత్తతో పాటు అక్కడ మిగిలింది రాజుగారి వంటింటి పిల్ల లైకీ ఒక్కతే. తిండికి లోటు లేదట. కొట్టలేదట కూడా. కానీ ఆ వస్త్రం అయితే ఇంకొకటి, అది అయితే మరొకటి, చేతులు ఆడినంత కాలం తనను వదలరని అత్తకు మొదటి నెలలోనే అర్థమైంది.

అందుకని కళ్ళు మసకబారాయని చెప్పడం మొదలుపెట్టింది. లైకీ నమ్మలేదు.

"అక్కా, నిన్న చీకట్లో నా తల్లో పేను పట్టావు. నీ కళ్ళకేమొచ్చింది?"

"నువ్వు నోరు మూసుకుంటే ఏమీ రాదు," అన్నది అత్త.

వుల్‌రన్‌కూ అనుమానమే. ఒకరోజు చేపల పులుసులో ఈగను వేసి, ఎదురుగా కూర్చుని తినమంది. అత్త చూసింది. చూడనట్టే గిన్నె ఎత్తి ఈగతో సహా తాగింది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆమె నవ్వేది.

నవ్వకుండా చెప్పినది ఇంకొకటి. అబద్ధం నిలబడాలంటే కుట్టు చెడాలి. ఏడాదిపాటు తెలిసి తెలిసి వంకరగా కుట్టింది. ఆ వస్త్రం మీద ఒక సాధువు ముఖం ఉండేది. దాని కన్ను చెంప మీదికి జారేలా కుట్టి, ఆ పూటంతా తిండి ముట్టలేకపోయిందట. చివరికి వుల్‌రన్ విసిగిపోయి, తిండి దండగని బయటికి పంపేసింది. లైకీ రాలేదు. ఆమెకు అప్పటికే గుర్రాలశాలలో పనివాడొకడు నచ్చాడు. ఇద్దరూ గేటు దగ్గర ఏడ్చి విడిపోయారు.

అత్త పదకొండు రోజులు నడిచింది. వాకిట్లో నిలబడిన ఆమెను చూసి నాన్న చేతిలో ఉలి కింద పెట్టాడు.

"వచ్చావా? చిక్కిపోయావేమే?"

"నడిచొస్తే లావెక్కుతారా అన్నయ్యా?"

నాన్న లోపలికి పోయి మజ్జిగ తెచ్చాడు. అది తాగేసరికి ఇంకో గిన్నె తెచ్చాడు.

ఆ తర్వాతి వసంతంలో రాణి స్వయంగా గుర్రమెక్కి మా ఇంటికి వచ్చింది. కొండ మీద ఒక మామూలు ఇంట్లో ఉంటోంది అప్పుడు. చేతిలో చిన్న నారబట్ట ముక్క. మెడపట్టీ కుట్టిపెట్టమంది. అత్త బట్ట అందుకోలేదు. రాణే మళ్ళీ అంది:

"నిన్నూ పంపమని అడిగాను హునిద్. మిగతావాళ్ళను తీసుకుపో, ఆ మనిషిని మాత్రం అడగొద్దన్నారు."

"నా పని సంగతి వాళ్ళకెవరు చెప్పారమ్మా?"

రాణి తల వంచుకుంది. "నేనే. గొప్పగా చెప్పుకున్నాను. వాళ్ళ ముందు చెప్పుకోవడానికి నాకింకేం మిగిలింది?"

అప్పుడు అత్త బట్ట అందుకుంది. క్షమించిందో లేదో నాకు తెలియదు.

గడపలో వెలుతురుకు కూర్చుని సూది పట్టింది. మొదటి వరుస వంకర పోయింది. విప్పింది. రెండోదీ అంతే. ఏడాది పాటు నేర్పిన వంకర ఇప్పుడు వేళ్ళు మరవడం లేదు. సూది ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. తోలుకుపోయిన రోజున కూడా ఆమె ఏడవలేదని తిరిగి వచ్చినవాళ్ళు చెప్పారు. నాన్న ఆమెను ఓదార్చలేదు. తొలుస్తున్న దోనె దగ్గరి నుంచే, "రోజూ నాలుగు వరుసలు కుట్టు. బాగా రాకపోతే నేను చూడనులే," అన్నాడు.

ఓట్స్ చేల కోతలయ్యేసరికి చెయ్యి తిరిగి కుదిరింది. మెడపట్టీ మీద రెండు పిట్టలు, ఎదురెదురుగా. కొన్నేళ్ళకు రాణిని దానితోనే పాతిపెట్టారు.

ఆ సాధువు ముఖం విషయం అత్త మా పూజారికి చెప్పుకుంది. అబద్ధానికి ఆయన ఏమీ అనలేదు. ముఖం చెడగొట్టినందుకు ప్రాయశ్చిత్తంగా నలభై రోజులు వెన్న మానమన్నాడు. అత్త ఎనభై రోజులు మానింది.

సరస్సులో ఇల్లు మళ్ళీ ఎవరూ కట్టలేదు. రాజు పోయాడు, కొడుకు కొన్నాళ్ళు ఏలాడు, ఆ తర్వాత పడమటి రాజు మనుషులు పశువుల కప్పం అడగడానికి నేరుగా మా ఇళ్ళకే రాసాగారు. అత్త నాకూ పక్కింటి ఇద్దరు పిల్లలకూ పని నేర్పింది. ఒక ఏడాది గొర్రెలు ఈనే కాలంలో జలుబు చేసి, నాలుగు రోజుల్లో పోయింది. ఒడ్డున చర్చి పక్కన పాతిపెట్టాము. ఆమెకు కప్పిన బట్ట మీద కుట్టు నేనే వేశాను. ఒక్క పిట్టే వచ్చింది నాకు. అదీ కొంచెం లావుగా.