నో లీవ్ ట్రైనింగ్

పెళ్ళయిన ఏడాదికే మా ఆయన మస్కట్ వెళ్ళారు. మలికిపురంలో అత్తారింట్లో వంట, చర్చి, కొబ్బరితోట తప్ప నాకు వేరే లోకం లేకపోయింది. ఊపిరాడక టీచర్ ట్రైనింగుకు అర్జీ పెట్టుకున్నాను. రాజమండ్రిలో సీటొచ్చింది. అబ్బాయి సరేనంటే పంపిస్తామన్నారు మావయ్యగారు. ఉత్తరం రాశాను. చేరాల్సిన గడువు దగ్గర పడుతుంటే టెలిగ్రాం వచ్చింది. నో లీవ్ ట్రైనింగ్.

మావయ్యగారు చదివి కళ్ళజోడు తీశారు.

"వద్దు, ట్రైనింగ్ మానెయ్ అన్నాడమ్మా. ఇంక ఆ ఊసెత్తకు."

"అలాగేనండి" అన్నాను. నేనూ అలాగే చదివాను. టెలిగ్రాంలో కామాలుండవు కదా. ట్రంకుపెట్టెలో సర్దుకున్న చీరలు మళ్ళీ బీరువాలో పెడుతుంటే ఒళ్ళు మండిపోయింది. సముద్రం అవతలున్న మనిషి మీద అరవడానికైనా వీల్లేదు. ఎటు నడిచినా ఏదో రేవు దగ్గర ఆగిపోవాల్సిన ఊరు మాది.

మరుసటేడు ఆయన సెలవు మీద వచ్చారు. అన్నం వడ్డిస్తూ అడిగాను, ట్రైనింగ్ ఎందుకు వద్దన్నారని.

"నేనెప్పుడు వద్దన్నానే? కంపెనీవాళ్ళు నన్ను ట్రైనింగులో పెట్టేరు. ఆ ఏడు ఇంటికి రావడానికి లీవ్ లేదని టెలిగ్రాం కొట్టేను. నీ ఉత్తరం ఆ తర్వాతెప్పుడో అందింది."

"అప్పుడైనా జవాబు రాయలేదేంటండి?"

"గడువు దాటిపోయింది కదా, ఇంకెందుకని" అంటూ పప్పు కలుపుకున్నారు.

వద్దన్నాడన్న కోపంతో ఏడాదంతా రగిలిపోయాను. అసలు ఆ కబురులో నేనే లేను. అది తెలిశాక కోపం కూడా మిగల్లేదు, ఏడుపొచ్చింది.

చాలా ఏళ్ళకు ఒక పెద్ద డిక్షనరీ దొరికితే, ముందుగా ఆ మాటే వెతికాను. సెలవు అనే లీవ్, వెళ్ళడం అనే లీవ్ ఒక వేరువి కావట. మొదటిది ఇంగ్లీషులో ప్రేమ అనే మాటకు చుట్టం, ఇష్టపడి ఒప్పుకోవడం. మన సెలవూ అంతే, సెలవిప్పించండి అంటే ఒప్పుకోమనేగా. రెండోదానికి మొదట్లో వెళ్ళడమనే అర్థమే లేదట. ఉన్నచోట మిగల్చడం అని. వెళ్ళేవాళ్ళు ఎవర్నో ఒకర్ని మిగల్చక తప్పదు కాబట్టి, వెళ్ళడం తర్వాత వచ్చి చేరింది.

అది చదువుతుంటే ఆ ఏడు ఆయన తిరిగి వెళ్ళిన రోజు గుర్తొచ్చింది. రేవులో, ఏరు దాటించే పంటు ఎక్కుతూ "వస్తానే" అన్నారు. మనలో వెళ్ళేవాళ్ళు అనేది అదే. నేను ఒడ్డున మిగిలాను.