కిరండూల్‌లో మునెప్పను అడిగిన మాట

విశాఖలో కిరండూల్ పాసింజరు ఎక్కేసరికి ఉదయం ఆరున్నర. బోగీలో చాలామంది అరకు చూడ్డానికి వెళ్తున్నారు. నేను మాత్రం ఒక మనిషి చెప్పేది నిజమా అబద్ధమా తేల్చుకోవడానికి బయల్దేరాను.

ఆయన పేరు మునెప్ప. మా చిత్తూరు వైపువాడే. నా ఏడో ఏట బంగారు గనిలో రాళ్లు కూలి మా నాయన పోయాడు. ఆ రోజు లోపల ఆయనతో జోడీగా పనిచేసింది మునెప్పే. అంత్యక్రియలకైనా రాకుండా ఊరు వదిలి, బస్తర్‌లోని కిరండూల్ చేరి, ఇనుపగనిలో కుదిరాడు. ఇప్పుడు వార్డు కౌన్సిలర్. "నా స్నేహితుణ్ణి ఈ చేతులతోనే తవ్వి తీశాను, నా ఒళ్లోనే ప్రాణం విడిచాడు" అని ఆయన హిందీలో ప్రసంగిస్తున్న వీడియో పోయిన నెల నా ఫోనుకు వచ్చింది. చూసి అమ్మ, "వాడు పారిపోయినోడు" అని ముఖం తిప్పుకుంది.

జగదల్‌పూర్ దాటాక ఎదుటి సీటామెను కదిపాను. శ్రీకాకుళం మనిషి, భర్తకు గనిలో ఉద్యోగం.

"మునెప్పగారా? మా వీధికి నీళ్లు తెప్పించాడమ్మా. ఆ గని కత సెప్తే ఏడుపొచ్చేస్తాది. ఓట్లన్నీ ఆ కతకే!"

నా అనుమానం ఇంకా ముదిరింది.

రాత్రి లాడ్జిలో దిగి, మర్నాడు పదింటికి ఆయన ఇంటికి వెళ్లాను. డెబ్బై ఏళ్లుంటాయి. నేనెవరో చెప్పలేదు. కథ అడిగితే ఉత్సాహంగా మొదలుపెట్టాడు.

"మరి ఆయన అంత్యక్రియలకు ఎందుకు వెళ్లలేదు?" అన్నాను.

నా ముఖం పరిశీలనగా చూశాడు. "నువ్వు... నాగరాజన్న కూతురివా?"

తలూపాను. అర్జీలు పట్టుకుని కూర్చున్నవాళ్లను బయటికి పంపేశాడు.

"నేను తవ్వలేదమ్మా. పైనుంచి మట్టి రాలగానే పరిగెత్తినాను. ఇక్కడెవరో మొదటిసారి అడిగినప్పుడు నిజం నోట్లోంచి రాలేదు. తర్వాత ఆ అబద్ధమే నన్ను లీడరును చేసింది."

వినాలనుకున్నదే విన్నాను. అయినా సంతోషం కలగలేదు. "ఆ కథ ఇంకెక్కడా చెప్పొద్దు" అని లేచి వచ్చేశాను.

మరుసటి ఉదయం తిరుగు రైలు కదిలే ముందు మునెప్ప ఒక్కడే ప్లాట్‌ఫారమ్ మీదికి వచ్చాడు. కిటికీ ఊచ పట్టుకున్నాడు. "ఒకటి చెప్పలేదమ్మా. నేను పరిగెత్తేటప్పుడు మీ నాయన అరిచింది నా పేరు కాదు. నీ పేరు."

రైలు కదిలింది. ఇన్నేళ్లు అబద్ధం చెప్పి బతికినవాడు. నన్ను మెత్తబరచడానికి ఇంకొకటి చెప్పి ఉండొచ్చు. అరకు దాటేవరకూ అలాగే అనుకుంటూ కూర్చున్నాను.

పారిపోయింది నిజమేనని ఆయన ఒప్పుకున్నాడని అమ్మకు చెప్తాను. రెండో మాట చెప్పను. అది నిజమో కాదో తెలియదు గానీ, ఎవరైనా అబద్ధమంటే భరించలేను.